కాక పేరు మీద జబ్బు

మా బాపు మాన్‌సింగ్ మందు ముట్టడని కురవి చుట్టుపక్కల తండాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కొందరు మెచ్చుకుంటూ చెబుతారు, కొందరు పళ్ళు కొరుకుతూ చెబుతారు. ఆయన మా తండాకు నాయక్. పెళ్ళిలోనూ పంచాయితీలోనూ, చివరికి చావు ఇంట్లో కూడా సారా లేనిదే పని జరగని రోజుల్లో, ఒక్క చుక్క నోట్లో వేసుకోకుండా పెద్దరికం చేసిన మనిషి. అంతటితో ఊరుకున్నాడా? తాగి దొరికినవాడు సేవాలాల్ గుడి ముందు తెల్లజెండా కింద నిలబడి, "తాగిన, తప్పయింది" అని తండా అంతా వినేటట్టు చెప్పాలని కట్టుబాటు పెట్టాడు. ఆ జెండా కింద అందరికన్నా ఎక్కువసార్లు నిలబడింది ఆయన సొంత తమ్ముడే, మా వీరేందర్ కాక.

చెప్పీ చెప్పీ కాకకు ఆ మాట నోటికి అలవాటైపోయింది. ఒకసారి రాగం తీసి పాటలా పాడాడు. బాపు గద్దిస్తే, "ఎప్పుడు చెప్పే మాటే గదనే అన్నా, వినేటోళ్ళకు విసుగు రావద్దని జర రాగం పెట్టిన" అన్నాడు. తండా అంతా నవ్వింది, బాపు ఒక్కడు తప్ప.

నేను జనగామ డిపోలో కండక్టర్ని. రోజంతా జనాన్ని ఎక్కించీ దించీ, మనిషి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే కొంత పసిగడతాను. ఎవరు దవాఖానకు పోతున్నారు, ఎవరు అలిగి పుట్టింటికి పోతున్నారు, ఎవరు నన్ను బురిడీ కొట్టించి ఇంకో స్టేజీ దాకా పోదామని చూస్తున్నారు, అన్నీ మొహంలోనే ఉంటాయి. ఆ కళ్ళతోనే ఆ ఏడు మిరప ఏరే కాలంలో మా బాపును చూసి ఏదో పెద్ద జబ్బే పట్టిందని పసిగట్టాను.

సెలవు పెట్టి తండాకు పోయాను. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మా అమ్మ ఘాటుకు ముక్కుకు కొంగు కట్టుకుని తాలుకాయలు ఏరుతోంది. మా అమ్మ పేరు గోరీ. మేము అమ్మను యాడి అంటాం. ఇంట్లో మా మాట లంబాడీ, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కల్లంలో పని ఉండగా ఆయన మంచం మీద కూర్చోవడం నా జన్మలో చూడలేదు. చెంపలు పీక్కుపోయాయి, చొక్కా కింద పొట్ట మాత్రం ముందుకొచ్చింది. కళ్ళలో పసుపు జీర. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఏంది బాపు, కాళ్ళు గిట్లున్నయి?"

"కల్లంల నిలబడి నిలబడి ఉబ్బినయి. మన్ను వేడి."

"ఆ వేడి ఈయన ఒక్కనికే తగులుతది, మేమంతా నీళ్ళల్ల నిలబడ్డం గద" అంది యాడి. "కామెర్లంట. పక్కూరాయన పసరు పోస్తున్నడు. మణికట్టు మీద వాత గూడ పెట్టిండు. ఉప్పు లేదు, నూనె లేదు, కూర లేదు. పత్యం చేసీ చేసీ మనిషి గిట్లయిండు."

"మానుకోట దవాఖాన గింత దగ్గర పెట్టుకొని పసరు తాగుడేంది?"

బాపు నా వైపు కూడా చూడలేదు. "మానుకోటల అడుగుకొకడు మనోడు ఎదురైతడు. నాయక్‌కు ఏమైంది, నాయక్‌కు ఏమైంది అని తండ తండ అడుగుతది. నాకేం కాలే."

ఆయన మొండితనం నాకూ కొంచెం అబ్బింది. "మరి జనగామల నిన్నెవ్వడు గుర్తుపట్టడు, లే" అన్నాను. మర్నాడే రైలెక్కించి మా ఇంటికి తీసుకొచ్చాను.

జనగామ సర్కారు దవాఖానలో శృతి అని చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. గబగబా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది, కానీ పేషెంటు మాట్లాడుతుంటే మాత్రం మధ్యలో తుంచదు. రక్తం తీయించింది, కడుపు స్కాన్ చేయించింది. అన్నీ చూసుకున్నాక మమ్మల్ని కూర్చోబెట్టింది.

"పెద్దాయనా, మీ లివర్ చెడిపోతున్నది."

బాపు నా వైపు చూశాడు. "కార్జం బాపు" అన్నాను.

ఆయన వెన్ను నిటారుగా పెట్టాడు. "నేను తాగ మేడం."

"తాగుతరని నేను అనలేదు."

"పుట్టినప్పటిసంది ముట్టలే. మా తండల ఎవరినన్న అడుగుండ్రి."

తాగలేదని చెప్పే తాగుబోతులను ఆ కుర్చీలో ఆమె ఎంతమందిని చూసి ఉంటుందో. ఒక్కసారి నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. "నమ్ముతున్న" అంది. "మీ రక్తంల హెపటైటిస్ బి అని ఒక వైరస్ ఉన్నది. అది తాగినోడా తాగనోడా అని చూడదు. ఏండ్ల తరబడి చప్పుడు చెయ్యకుండ లోపల కార్జాన్ని తింటది. మనిషికి తెలిసేసరికి గిట్ల కడుపుల నీళ్ళు చేరుతయి, కాళ్ళకు దిగుతయి."

"నయమైతదా మేడం?" అన్నాను.

"మొత్తం పోతదని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్య. కానీ అణిగి ఉంటది. దినాం ఒక గోళి, మానకుండ. నీళ్ళు తగ్గనీకి వేరే గోళీలు. ఉప్పు తగ్గించాలె, మిగతా తిండి మంచిగ తినాలె, పత్యాలు ఏం వద్దు. పసరు ఇయ్యాళ్నే బంద్. సగం చెడ్డ కార్జం, ఏ ఆకుల ఏముంటదో తెలవదు. చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే మంచిగ బతుకుతరు. చూపించుకోకుంటే…" అని ఆగింది. ఆ మిగిలిన మాట ముగ్గురికీ వినపడింది.

తర్వాత నాకు చెప్పింది: ఇంట్లో అందరూ రక్తం చూపించుకోవాలి, వైరస్ లేనివాళ్ళు టీకా వేయించుకోవాలి. ఒక కంచంలో తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు, దగ్గితే రాదు. రక్తంతో వస్తుంది, ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే వస్తుంది, భార్యాభర్తల మధ్య వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. నేను శ్రద్ధగా వింటున్నాను. బాపు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడని బయటికొచ్చాక తెలిసింది.

దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాడు. "బిడ్డా, ఎవ్వరికి చెప్పకు."

"ఎందుకు? నువ్వేం దొంగతనం చేసినవా?"

"మాన్‌సింగ్‌కు కార్జం చెడ్డదంటే ఏమంటరు? చాటుకు తాగిండంటరు. జెండ కింద నిలబెట్టి గింతమంది ఇజ్జత్ తీసిన. ఇప్పుడు నన్ను ఇడిసిపెడతరా?"

"తాగకున్న వస్తదని డాక్టరమ్మ చెప్పింది గద. అదే చెప్దాం."

"ఈ మాట వేరేటోడు చెప్తే నువ్వు నమ్ముతుంటివా?"

కార్జం పాడైందని బస్సులో ఎవరైనా చెప్పుకుంటుంటే నేనూ మనసులో సీసానే చూసేదాన్ని.

"ఈ దవాఖానకు మళ్ళ రాను. ఈ గోళీలు అయిపోయినంక ఏదైతే అదైతది. పేరుతోని పోత" అన్నాడు బాపు. ఆయన మాటంటే మాటే. ఆ మాట పట్టుకునే తండా నుంచి సారా బట్టీలను తరిమాడు, అదే మాట పట్టుకుని ఇప్పుడు చావడానికి తయారయ్యాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మెట్ల మీద పదిమందీ చూస్తుండగా కండక్టర్ గొంతుతో అరిచాను. ఆయన కదల్లేదు.

యాడిని జనగామకు రప్పించి రక్తం చూపించాం, నేనూ నా భర్త నరేశ్ కూడా చూపించుకున్నాం. మాకెవరికీ లేదు, టీకాలు మొదలుపెట్టారు. తమ్ముడు దినేశ్ భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేస్తాడు, వాడి భార్య ప్రియకు నెలలు నిండుతున్నాయి. వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళకూ ఏమీ లేదని తెలిసిన పూట నేను డిపోలో అందరికీ చాయ్ తాగించాను, ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పకూడదుగా.

బాపు, యాడి తండాకు తిరిగి పోయారు. గోళీలు అయిపోవచ్చాయి. జనగామ రమ్మని ఎన్నిసార్లు ఫోన్ చేసినా బాపు ఎత్తడం మానేశాడు. నేనే తండాకు పోయాను. నేను పోయేసరికి యాడి తట్టుకోలేక మరిదికి మొత్తం చెప్పేసి ఉంది. చీకటి పడుతుండగా కాక వచ్చాడు. తాగి ఉన్నప్పుడు అన్నకు ఆమడ దూరంలో నిలబడటం ఆయన మర్యాద. ఆ రోజూ దడి అవతలే నిలబడ్డాడు.

"అన్నా, నా పేరు మీద చెప్దాం."

"ఏంది?" అన్నాడు బాపు.

"రోగం. నాకొచ్చిందందం. తాగుబోతు వీరేందర్‌కు కార్జం ఖరాబయిందంటే ఎవడన్న అనుమానపడతడా? ఇన్ని దినాలు ఎందుకు కాలేదని అనుమానపడతరు గని! నన్ను తోలుకొని నువ్వు దవాఖానకు పోతున్నవ్. గంతే. గోళీలు నీకు, పేరు నాకు."

"తాగి మాట్లాడకు."

"తాగే మాట్లాడుతున్న. తాగకుంటే నీ ముందల గింత మాట నా నోట్లకెంచి వస్తదా?"

యాడి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. బాపు లోపలికి పోయి పడుకున్నాడు. తెల్లారాక చూస్తే కాక తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొట్ట పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. బాపు ఆయన్ను ఎగాదిగా చూశాడు. తువ్వాల భుజాన వేసుకుని వెనక నడిచాడు.

తండా దాటేదాకా కాక చేసిన ఆర్భాటం ఇంతా అంతా కాదు. ప్రతి వాకిలి దగ్గరా ఆగి మూలిగాడు. నేను పక్కకు పోయి, "కాకా, కార్జం కుడిపక్కకు ఉంటది" అని చెవిలో చెప్పాను. "గట్లనా? ముందుగాల చెప్పొద్దా బిడ్డా" అని చెయ్యి అటు మార్చాడు.

అందరికన్నా గట్టిగా నోరు చేసుకుంది జమ్లీ అవ్వ. బాపుకన్నా పెద్దది, మొగుడు పోయి కొడుకులు, కోడళ్ళతో ఉంటుంది. తండాలో ఆమె మాటకు ఎదురు చెప్పే మొనగాడు లేడు. "తాగు, ఇంక తాగు! సీసలు సీసలు తాగు! మీ అన్నను జూడు, నీ కోసం పంట ఇడిసిపెట్టి తిరుగుతున్నడు. మనిషి కాదురా, దేవుడు!" అంది. ఆ దేవుడనే మాట అటు నుంచి ఇటు దాకా పాకింది. వాకిలి వాకిలికీ బాపు అది వినాల్సి వచ్చింది. ఆయన తలెత్తేవాడు కాదు. అందరూ అది వినయమనుకున్నారు.

ఈ ఏర్పాటులో మేమెవరం ఆలోచించని చిక్కు ఒకటుంది. కార్జం చెడ్డ మనిషికి ఎవడు మందు పోస్తాడు? గుట్ట వెనక చాటుగా అమ్మేవాడు, "నీ చావు నా మీదికి తేకు కాకా" అని దండం పెట్టాడట. తోడు తాగేవాళ్ళు కూడా ఈయన్ని చూస్తే లేచి పోయేవారు. అన్న పరువు కోసం కాక ఒక్కసారిగా మందు మానేయాల్సి వచ్చింది. అబద్ధమని ఒక్క మాట చెబితే ఆ సాయంత్రమే గ్లాసు చేతికొచ్చేది. చెప్పలేదు.

కొద్దిరోజులకే చేతులు వణకడం మొదలైంది. చెమటలు, వాంతులు, నిద్ర లేదు, లేని మనుషులతో మాట్లాడుతున్నాడు. యాడి ఫోన్ చేస్తే దినేశ్ భూపాలపల్లి నుంచి జీపు మాట్లాడుకుని వచ్చి, ఆయన్నూ వెంట బాపునూ సరాసరి జనగామకు తెచ్చాడు. శృతి డాక్టరమ్మ చూసి మా అందరినీ కడిగేసింది.

"ఏండ్లకేండ్లు తాగినోళ్ళు ఇంట్ల ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికొస్తది. మా దగ్గరికి తేవాలె, మందులిచ్చి మాన్పిస్తం. ఎవరు ఆపమన్నరు ఈయన్ని?"

బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కాకను చేర్చుకున్నారు. పనిలో పనిగా ఆయన రక్తం కూడా పరీక్ష చేశారు. అన్నకున్న వైరసే తమ్ముడికీ ఉంది. కార్జం ఇంకా పెద్దగా దెబ్బతినలేదు, కానీ వైరస్‌కు మందు తోడైతే ఎంతో కాలం పట్టదని డాక్టరమ్మ చెప్పింది. "ఇప్పుడు దొరకడం ఈయన అదృష్టం. ఇగ మందు జోలికి పోకుండ, మా కళ్ళ ముందు ఉంటే చాలు" అంది.

మాట్లాడే ఓపిక వచ్చాక కాక మొదట అన్న మాట ఇది: "చూసినవా అన్నా, నేను అబద్ధమాడినా గది నిజమే అయితది."

ఆ మాటకు నవ్వబోయి బాపు మంచం పట్టీ మీద తల పెట్టి ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను చూడటం అదే మొదలు. కాక కంగారుపడి, "ఏందన్నా, నలుగురు చూస్తున్నరు, లే. రోగం నాదనుకుంటున్నరు, గిట్ల ఏడిస్తే దొరికిపోతవ్" అని భుజం తట్టాడు.

ఇద్దరికీ ఎట్లా వచ్చిందని బాపు అడిగాడు. ఖాయంగా చెప్పలేమంది డాక్టరమ్మ. తల్లి నుంచి రావచ్చు, సూదితో రావచ్చు. సూది అనగానే బాపు మొహం మారింది.

"మేం పోరగాండ్లప్పుడు తండకు జరాలొచ్చినయి. కంపౌండర్ ఒకడు సైకిల్ మీద వస్తుండె. అందరం లైన్ కట్టినం. ఒక్కటే సూది మేడం. అందరికి అదే."

"గదే అని నేను చెప్పలేను, అయ్యుండొచ్చు" అంది ఆమె. "ఆ లైన్ల ఉన్నోళ్ళు ఇంక ఉంటే మాత్రం రక్తం చూపించుకోవాలె. ఒంట్ల బాగున్నదని ఊకోవద్దు. మీరు గూడ బాగున్ననే అనుకున్నరు గద."

కాకను ఇంటికి పంపించిన రోజు జనగామ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. కాక సంచీ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. బాపు పట్టాల వైపు చూస్తూ, "జమ్లీ అక్క ఉండె" అన్నాడు.

"ఎక్కడ బాపు?"

"లైన్ల. నా ముందల్నే ఉండె. నేను భయపడుతుంటె చెయ్యి పట్టుకున్నది. మా పెదనాయిన కొడుకు నరేందర్ ఉండె. వాళ్ళ చెల్లె ఉండె."

"మరి చెప్పు వాళ్ళకు."

"చెప్తే నా గతి…"

"చెప్పకుంటే వాళ్ళ గతి?"

బండి వచ్చింది. బాపు లేచి కాకను తట్టి లేపాడు.

గోళీలు పనిచేశాయి. మిరప కోత ముగిసేసరికి బాపు కాళ్ళ వాపు తీసింది, కళ్ళలో తెలుపు వచ్చింది, కల్లంలో మంచం లేచిపోయింది. పొట్ట తగ్గి చొక్కా వదులైంది. కాక కూడా తేరుకున్నాడు, మందు లేని సాయంత్రాలు పొద్దుపోక యాడితో మిరపకాయల తొడిమలు తీసేవాడు. భూపాలపల్లిలో ప్రియకు కొడుకు పుట్టాడు. పుట్టిన రోజే పసివాడికి సూదేంటని ఆమె తల్లి అడ్డం పడిందట. ప్రియ ఒప్పుకోలేదు, టీకా వేయించాకే ఒళ్ళోకి తీసుకుంది. ఆ పిల్లకు ఫోన్లోనే దండం పెట్టాను.

ఒక్క పనే మిగిలింది, అదే జరగడం లేదు. బాపు రెండుసార్లు జమ్లీ అవ్వ ఇంటికి పోయాడట. ఒకసారి బర్రె సంగతి మాట్లాడి వచ్చాడు, ఇంకోసారి మిరప ధర సంగతి. "ఆమె నీళ్ళిస్తే తాగి వచ్చిండు, నోరు మాత్రం తెరవలే" అంది యాడి. నేనే చెబుదామనుకున్నాను. కాక వద్దన్నాడు. "అన్న పేరు అన్ననే ఇడవాలె బిడ్డా. మనం గుంజితే పాపం" అన్నాడు.

హోళీ వచ్చింది. ఆ ఏడాది మగపిల్లవాడు పుట్టిన ఇంటి ముందు మాకు ధూండ్ అని ఒక వేడుక. పూరీలు నింపిన గంగాళాన్ని గుంజలకు తాళ్ళతో కట్టేస్తారు. ఆడవాళ్ళు కట్టెలు పట్టుకుని కాపలా కాస్తారు, మగవాళ్ళు దెబ్బలు తప్పించుకుంటూ దాన్ని ఎత్తుకుపోవాలి. దినేశ్, ప్రియ బిడ్డను తీసుకొచ్చారు. ఏడాదంతా దాచుకున్న కచ్చలన్నీ ఆడవాళ్ళు ఆ కట్టెలతోనే తీర్చుకుంటారు. నేను నరేశ్‌ను ఒకటి గట్టిగానే వేశాను, దేనికో ఆయనకు తెలుసు. కాకను కొట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. రోగిష్టి మనిషని వదిలేశారు. ఆయన దర్జాగా పోయి గంగాళం ఎత్తుకొచ్చాడు.

తర్వాత భోజనాలు. పండుగ పూట మా ఇంటి అన్నదమ్ములంతా ఒకే పెద్ద ఇత్తడి తాంబాళం చుట్టూ కూర్చుని తినడం తాతలనాటి ఆచారం. మొదటి ముద్ద నాయక్ తీస్తాడు, ఆ తర్వాతే మిగతా చేతులు పడతాయి. బాపు వాళ్ళ పెదనాయిన కొడుకు నరేందర్ పెద్దరికం వేసుకుని అందరినీ కూర్చోబెడుతున్నాడు. కాక వచ్చి తాంబాళం దగ్గర వంగబోయేసరికి, నరేందర్ కొంచెం ఎడంగా ఒక ఇస్తారి వేశాడు.

"వీరేందర్, నువ్వు గిక్కడ కూసో. పసిపోరడున్న ఇల్లు. ఏదన్న అంటుకుంటే మంచిగుండదు."

"సరే సరే. నా ఇస్తారి నాకుంటే కూర నాకే ఎక్కువొస్తది" అని కాక నవ్వుతూ అక్కడే చతికిలపడ్డాడు.

"తాగినన్నినాళ్ళు తాగిండు, ఇగ అనుభవించాలె" అంది ఆడవాళ్ళ వరసలోంచి జమ్లీ అవ్వ.

అన్నం పెట్టారు, కూర పోశారు. అందరి చేతులూ తాంబాళం మీద ఆగి ఉన్నాయి, బాపు చెయ్యి కదలడం లేదు. ఆయన ఇస్తారి ముందు కూర్చున్న తమ్ముడిని చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"నరేందర్, నాకు గూడ ఒక ఇస్తారి వెయ్యి" అన్నాడు.

"నీకెందుకు నాయక్?"

"రోగం నాది."

గొంతు పెంచలేదు. పంచాయితీలో తీర్పు చెప్పేటప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే చెప్పాడు. మిరప ఏరుతున్నప్పుడే తనకు కార్జం చెడిందని తెలిసిందన్నాడు. పేరు పోతుందని భయపడి చావడానికి ఒప్పుకున్నానని, తమ్ముడు తన పేరు పెట్టి దవాఖానకు పంపించాడని చెప్పాడు. "వీడు మందు మానింది గూడ నా కోసమే. మీరు నన్ను దేవుడన్నరు, వీన్ని తిట్టిన్రు. నేను విన్న."

"మరి నువ్వు తాగవు గద?" అన్నాడు నరేందర్.

"తాగ. అయినా వచ్చింది. తాగితే జల్ది ముంచుతది, తాగకున్న వస్తది. కలిసి తింటే మాత్రం రాదు, డాక్టరమ్మ మంచిగ చెప్పింది. నరేందర్, మన చిన్నప్పుడు సైకిల్ కంపౌండర్ దగ్గర లైన్ కట్టినం, యాదికున్నదా? ఆ లైన్ల ఉన్నోళ్ళంత రక్తం చూపించుకోవాలె. నేను ఇంత ఆలస్యంగ చెప్తున్న."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. జెండా కింద నిలబడిన వాడే అయి ఉంటాడు. నాకు ఒళ్ళు మండి ఒకడుగు ముందుకేశాను. ఈలోగా కాక ఇస్తారి ముందు నుంచి లేచాడు.

"గింత మంచిగ నడుస్తున్న నా రోగాన్ని గుంజుకుంటివి గదనే అన్నా! ఇగ నన్నెవడు పట్టించుకుంటడు?"

అంతే, వాకిలంతా నవ్వు. ఆ నవ్వులో వెటకారం కొట్టుకుపోయింది. నరేందర్ వచ్చి ఇస్తారి తీసేసి, కాక రెక్క పట్టుకుని తాంబాళం దగ్గర కూర్చోబెట్టాడు. మొదటి ముద్ద బాపు తీయలేదు, తమ్ముడి చేత తీయించాడు. మా కాకను చూసి ఆ పూట నా కళ్ళు నిండిపోయాయి. ఈ రోజు మా బాపు బతికి ఉన్నాడంటే గోళీలు ఎంత కారణమో, జెండా కింద మాటిమాటికీ నిలబడిన ఆ తాగుబోతు అంతే కారణం. ఆయన మందు మళ్ళీ ముట్టలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసే దవాఖానకు వస్తారు, వచ్చినప్పుడు మా ఇంట్లోనే తింటారు. ఉప్పు తక్కువైందని కాక నన్ను సతాయిస్తాడు. ఆ సతాయింపు వింటూ వంట చేయడం కన్నా నాకు భాగ్యం లేదు.

ఆ రోజు నవ్వని మనిషి జమ్లీ అవ్వ ఒక్కతే. అందరూ తినడంలో పడ్డాక ఆమె మెల్లగా లేచి వచ్చింది. తాంబాళానికి కొంచెం దూరంలో గోడకు ఆనుకుని కూలబడింది. తండాను గడగడలాడించే ఆ గొంతు తగ్గించుకుంది.

"తమ్మీ" అంది. లంగా అంచు కొంచెం పైకి జరిపింది. పాదాలు ఉబ్బి, కడియాలు చర్మంలోకి దిగి ఉన్నాయి. "నేను చాటుకు తాగుతున్ననంటరని కోడండ్లకు గూడ చూపెట్టలే."

బాపు ఎంగిలి చేత్తోనే లేచాడు. పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పటిసంది అక్కా?" అని అడిగాడు.